కౌన్సెలర్ గారు గదిలో వద్దు, పార్కులో నడుస్తూ మాట్లాడదాం అంటున్నారు. ఇది నిజంగా పనిచేస్తుందా?

అశోక్‌నగర్_అక్క:

అందరికీ నమస్తే. మా తమ్ముడి విషయం అడుగుతున్నాను. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదివి తెలిసినవాళ్ళు చెప్పండి.

వాడికి 27 ఏళ్ళు. గ్రూప్స్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూము తీసుకుని ఉంటున్నాడు. 2022 నోటిఫికేషన్‌కి గ్రూప్-1 ప్రిలిమ్స్ రాశాడు, రద్దయింది, మళ్ళీ రాశాడు, మళ్ళీ రద్దయింది, ఆ తర్వాత కొత్త నోటిఫికేషన్, ఈలోగా వయసు పెరుగుతోంది, తోటివాళ్ళు ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోయారు, కొందరికి పెళ్ళిళ్ళు కూడా అయిపోయాయి. ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ మెల్లగా నిద్ర కరువైంది, తిండి తగ్గింది, ఫోను చేస్తే ఎత్తడు, పుస్తకం ముందేసుకుని గంటల తరబడి ఒకే పేజీ చూస్తూ కూర్చుంటాడు. సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్తే డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాశారు, దాంతోపాటు కౌన్సెలింగ్ కూడా కావాలన్నారు.

మాత్రలు వేసుకుంటున్నాడు, నిద్ర కొంత నయం. ఇబ్బందల్లా కౌన్సెలింగ్ దగ్గరే. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పడు. "బాగానే ఉన్నాను మేడం" తప్ప ఇంకో మాట రాదు. ఇప్పుడు ఆ మేడమే, వచ్చేసారి నుంచి పొద్దున్నే ఇందిరా పార్కులో నడుస్తూ మాట్లాడుకుందాం అన్నారట. వాడు వెంటనే సరే అన్నాడు, అదే నాకు ఆశ్చర్యం.

ఇంట్లో మాత్రం ఎవరూ ఒప్పుకోవడం లేదు. నాన్న "నడవడానికి కూడా ఫీజు కట్టాలా, రోజూ నేను చెప్పేది అదే కదా" అంటున్నారు. అమ్మకేమో ఆ పార్కులో వాడి కోచింగ్ పిల్లలే ఎక్కువ, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారో అని భయం. ఇలా నడుస్తూ చేసే థెరపీకి ఆధారం ఏమైనా ఉందా, లేక ఈ మధ్య వచ్చిన ఫ్యాషనా? మాత్రలు వాడుతూ చేయొచ్చా? బయట నలుగురిలో మాట్లాడితే విషయాలు బయటికి పోవా?

వైజాగ్_సైకాలజిస్ట్:

అండీ, నేను విశాఖలో క్లినికల్ సైకాలజిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో కొందరితో నేనూ నడుస్తూ సెషన్లు చేస్తాను కాబట్టి రాస్తున్నాను.

ఇది కొత్త ఫ్యాషన్ కాదు. 1910లో సంగీతకారుడు గుస్తావ్ మాలర్ తన మనసు బాగాలేదని ఫ్రాయిడ్‌ని కలిస్తే, ఇద్దరూ నెదర్లాండ్స్‌లోని లైడెన్ ఊళ్ళో దాదాపు నాలుగు గంటలు నడుస్తూనే మాట్లాడుకున్నారు. 1970ల్లో అమెరికాలో థాడియస్ కోస్ట్రుబాలా అనే సైకియాట్రిస్ట్ ఏకంగా పేషెంట్లతో కలిసి పరుగెత్తుతూ వైద్యం చేశాడు. ఇప్పుడు చాలా దేశాల్లో నడక సెషన్లు మామూలు విషయం. మన దగ్గర ఇంకా తక్కువే.

మీ తమ్ముడు వెంటనే ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అర్థమవుతోంది. ఎదురుగా టేబుల్, అవతల ఒక పెద్దమనిషి, ప్రశ్న తర్వాత ప్రశ్న, ఇవతల మీవాడు: పోటీ పరీక్షలకి చదివే కుర్రాడికి అది ఇంటర్వ్యూ బోర్డు లాగే ఉంటుంది. జవాబు తప్పుతుందేమో అన్న భయంతో "బాగానే ఉన్నాను" దగ్గర ఆగిపోతాడు. పక్కపక్కన నడుస్తుంటే ఎవరి చూపు వాళ్ళ ముందు ఉంటుంది, ముఖంలోకి చూడక్కర్లేదు, కళ్ళలో నీళ్ళొస్తే దాచుకోవాలన్న కంగారు ఉండదు. మాట ఆగితే ఆ మౌనం బరువుగా ఉండదు, నడుస్తూనే ఉంటారు కదా. ముఖ్యంగా మగపిల్లల్లో నేను చూసింది ఇది: గదిలో ఎంత అడిగినా రాని మాట, రోడ్డు దాటి నాలుగడుగులు వేశాక దానంతటదే వస్తుంది.

ఇక పరిశోధనల సంగతి. డిప్రెషన్‌లో మనిషిని ఎక్కువ తినేసేది ఒకటే ఆలోచన తిరిగి తిరిగి రావడం. "నా బతుకింతే, అప్పుడే వేరే ఉద్యోగం చూసుకుని ఉంటే" అని. 2015లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు 38 మందిని తీసుకుని, కొందరిని చెట్లూ గడ్డీ ఉన్న చోట, మిగతావాళ్ళని వాహనాలు తిరిగే పెద్ద రోడ్డు పక్కన 90 నిమిషాలు నడిపించారు. నడకకి ముందూ తర్వాతా మెదడు స్కాన్ తీశారు. చెట్ల మధ్య నడిచినవాళ్ళలో అలా తిరిగి తిరిగి వచ్చే ఆలోచనలు తగ్గాయి, వాటితో సంబంధం ఉన్న సబ్‌జెన్యువల్ ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం కూడా కాస్త నెమ్మదించింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో ఆ మార్పు లేదు. 2022లో బెర్లిన్‌లో 63 మందితో ఇలాంటిదే చేశారు. గంటసేపు అడవిలో నడిచాక భయానికీ ఒత్తిడికీ స్పందించే అమిగ్డలా చురుకు తగ్గింది, షాపులున్న వీధిలో నడిచినవాళ్ళలో తగ్గలేదు.

అయితే ఒక మాట గట్టిగా చెప్పాలి. వీటిలో పాల్గొన్నవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, డిప్రెషన్ పేషెంట్లు కాదు, పైగా అది ఒక్కపూట నడక. కాబట్టి వీటిని చూపించి "పార్కులో నడిస్తే డిప్రెషన్ పోతుంది" అని ఎవరైనా అంటే నమ్మకండి. డిప్రెషన్ ఉన్నవాళ్ళతోనే చేసిన వాటిలో 1999లో డ్యూక్ యూనివర్సిటీవాళ్ళది ముఖ్యమైనది. 50 ఏళ్ళు దాటిన 156 మందిలో కొందరికి వ్యాయామం, కొందరికి సెర్ట్రాలిన్ అనే డిప్రెషన్ మాత్ర, కొందరికి రెండూ ఇచ్చారు. 16 వారాలయ్యేసరికి మూడు గుంపులూ దాదాపు ఒకేలా మెరుగుపడ్డాయి, కానీ మొదట్లో త్వరగా ఊరటనిచ్చింది మాత్రే. అదీ వ్యాయామం చేసినవాళ్ళు వారానికి మూడుసార్లు, పర్యవేక్షణలో, వేగంగా నడవడమో పరుగెత్తడమో చేశారు. అందుకని మాత్రలతో పాటు నిస్సందేహంగా చేయొచ్చు, చేయాలి కూడా. మాత్రలు మానేసి మాత్రం కాదు. ఎప్పుడు తగ్గించాలో ఆ డాక్టరే చెప్తారు.

గోప్యత గురించి అమ్మగారి భయం సరైనదే. కౌన్సెలర్‌కి చట్టప్రకారం ఉన్న బాధ్యత పార్కులో కూడా అంతే ఉంటుంది, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యతని పేషెంట్ హక్కుగానే చెప్పింది. కానీ పక్కనుంచి పోయేవాళ్ళ చెవులకి చట్టం వర్తించదు కదా. అందుకే నేను మొదలుపెట్టే ముందే కొన్ని మాట్లాడుకుంటాను. తెలిసినవాళ్ళు ఎదురైతే ఏం చేద్దాం, నన్ను ఎవరని చెప్తావు, చెప్పడం ఇష్టం లేకపోతే నేను పక్కకి తప్పుకోనా, ఏ విషయాలు బయట వద్దు, గదిలోనే మాట్లాడుకుందాం, ఇవన్నీ. అతనికి ఏ క్షణాన అసౌకర్యంగా ఉన్నా ఆపేసి గదికి తిరిగి రావచ్చు. ఇందిరా పార్కు ఆ కుర్రాళ్ళకి ఇంటి పెరడు లాంటిది కాబట్టి అక్కడ వద్దనమనండి. సంజీవయ్య పార్కు పెద్ద దూరం కాదు, వేళలు కనుక్కుని అక్కడికి మార్చమని అడగడంలో తప్పేమీ లేదు. ఉస్మానియా క్యాంపస్‌లో చెట్లు బాగుంటాయి గానీ అక్కడా అదే గుంపు.

ఆ మేడం అర్హతలు కూడా ఒకసారి చూసుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్ అని చెప్పుకుంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి. అడిగితే మంచి ప్రొఫెషనల్ ఎవరూ నొచ్చుకోరు.

రాజమండ్రి_సుబ్బు:

మా అమ్మ సంగతి చెప్తాను, మీ అమ్మగారికి చదివి వినిపించండి.

నాన్న పోయాక అమ్మ మాట్లాడటం తగ్గించేసింది. ఏడవదు, కోప్పడదు, పూజ చేసుకుంటుంది, వంట చేస్తుంది, అంతే. డాక్టరు మందు ఇచ్చి, మాట్లాడించే మనిషి కావాలని ఒకావిడని చెప్పారు. ఆవిడ క్లినిక్ ఇరుకు, బయట బెంచీ మీద తెలిసినవాళ్ళెవరో ఒకరు కూర్చునే ఉంటారు. అమ్మ ఆ గుమ్మం ఎక్కనంటే ఎక్కనంది. అప్పుడావిడే, సాయంత్రం గోదావరి గట్టు మీద నడుద్దాం రండి అన్నారు.

మొదట్లో కూరగాయల ధరలు, మా పిల్లల చదువులు, ఎవరింట్లో పెళ్ళి, ఇవే. నాకు కూడా డబ్బులు దండగేమో అనిపించేది, ఆవిడ మాత్రం తొందరపెట్టలేదు. ఒకరోజు నడుస్తూ నడుస్తూ ఆసుపత్రిలో ఆఖరి రాత్రి గురించి మొదలుపెట్టిందట. నాన్న నీళ్ళడిగితే డాక్టరు వద్దన్నారని ఇవ్వలేదట అమ్మ. ఆ మాట మాకెవ్వరికీ చెప్పలేదు, అన్ని నెలలూ లోపలే పెట్టుకుంది. కన్నబిడ్డలం మాకే చెప్పలేనిది, మమ్మల్ని బాధపెడుతుందేమో అని చెప్పనిది, పక్కన నడిచే పరాయి మనిషికి చెప్పగలిగింది. ఆ తర్వాతే మెల్లగా మనిషి తేరుకుంది.

చూసినవాళ్ళు ఏమనుకుంటారు అంటే, ఇద్దరాడవాళ్ళు గట్టు మీద మాట్లాడుకుంటూ నడుస్తున్నారు అనుకుంటారు, ఇంకేమనుకుంటారు? అదే పిచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళిందని క్లినిక్ బయట చూసినవాళ్ళు అనే మాట వేరు. నిజానికి మా ఊళ్ళో క్లినిక్ కంటే నడకలోనే విషయం మరుగున ఉంటుంది.

ఒక్కటి ముందే చూసుకోవాలి. దగ్గర్లో బాత్రూము ఉందా, కూర్చోవడానికి చోటుందా, చీకటి పడే వేళకి వెలుగుంటుందా. ఆడవాళ్ళకైతే ఇవి లేకపోతే సగంలోనే ఇంటికెళ్ళిపోదాం అనిపిస్తుంది, మనసులో మాట ఎక్కడొస్తుంది.

కరీంనగర్_మాస్టారు:

పైన ఇద్దరూ బాగా చెప్పారు. నేను మీ నాన్నగారి మాట గురించే రాస్తాను, ఎందుకంటే ఆ మాట నేను పడ్డాను.

నాకు డిప్రెషన్ బాగా ముదిరిన రోజుల్లో ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ అదే చెప్పేవాడు. పొద్దున్నే లేచి నాలుగు కిలోమీటర్లు నడువు, అన్నీ సర్దుకుంటాయి. వాళ్ళు ప్రేమతోనే అన్నారు, నాకు తెలుసు. కానీ మంచం మీంచి లేచి పళ్ళు తోముకోవడమే చేతగాని మనిషికి నాలుగు కిలోమీటర్లు అంటే, అది కూడా చేయలేకపోతున్నావు చూశావా అని ఇంకో నేరం మోపినట్టే. నడవమని చెప్పడం వేరు, చెప్పులేసుకుని వచ్చి పక్కన నడవడం వేరు. నాన్నగారికి ఈ తేడా అర్థమయ్యేలా చెప్పండి. ఫీజు నడకకి కాదు, ఆ గంటలో వాడేమన్నాడో, ఏం అనలేకపోయాడో, ఎక్కడ అడుగు నెమ్మదించిందో గమనించే చదువుకి.

నా కౌన్సెలర్ మొదట నడకే అనలేదు. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్ళి రమ్మన్నారు. మనసు బాగయ్యాక చేద్దామని కూర్చుంటే అది ఎప్పటికీ బాగవదనీ, ముందు చిన్న పని చేస్తే మనసు దాని వెనకాలే వస్తుందనీ ఆయన పద్ధతి. బిహేవియరల్ యాక్టివేషన్ అంటారట దాన్ని. గేటు నుంచి కిరాణా కొట్టు, అక్కడి నుంచి మా స్కూలు గ్రౌండు. మాత్రలు పనిచేయడం మొదలయ్యాకే నేను అంత దూరం పోగలిగాను, ఇది దాచకుండా చెప్తున్నాను.

ఇంకో సంగతి. వాడు ఎప్పుడైనా చనిపోవాలనుంది, బతకడం దండగ లాంటి మాటలంటే నడక సెషన్ వచ్చేదాకా ఆగకండి. అదే రోజు సైకియాట్రిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళండి. రాత్రయినా, ఎవరూ దొరక్కపోయినా టెలీ మానస్ నంబరు 14416కి చేయండి. 2022 నుంచి ఉంది, ప్రభుత్వానిది, ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఆ నంబరు మీ ఇంట్లో అందరి ఫోన్లలో ఉండాలి.

అశోక్‌నగర్_అక్క:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. సుబ్బు గారూ, మీ పోస్టు అమ్మకి చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "సరే వెళ్ళనివ్వు" అంది. మాస్టారి మాటలు నాన్నే ఫోనులో చదువుకున్నారు. ఇప్పుడాయన "అయితే నేనూ వాళ్ళతో వెళ్తాను, వెనకాల నడుస్తాను" అంటున్నారు. అది మంచిదేనా? ఇంకొకటి, ఎండలు ముదిరిపోయాయి, మాత్రలు మొదలుపెట్టినప్పటి నుంచి వాడికి చెమట ఎక్కువ పడుతోంది. ఎండాకాలం పోయేదాకా ఆగాలా?

మాంచెస్టర్_తెలుగు:

ఎండ సంగతి డాక్టర్లు చెప్తారు, నాకు తెలిసింది రాస్తాను. ఇక్కడ ఇంగ్లండులో డాక్టరు మందుతో పాటు నడక గుంపుకో తోటపని గుంపుకో పంపించడం ఉంది. గ్రీన్ సోషల్ ప్రిస్క్రైబింగ్ అంటారు, మానసిక ఆరోగ్యం కోసమే ఏడు ప్రాంతాల్లో ప్రభుత్వం డబ్బు పెట్టి మొదలుపెట్టింది, అందులో మా గ్రేటర్ మాంచెస్టర్ ఒకటి. చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి పడుతుంది, కొత్తగా వచ్చిన మనవాళ్ళు చాలామంది ఆ చీకటికి కుంగిపోతారు. నేనూ కుంగాను. మధ్యాహ్నం లంచ్ టైములో వెలుగుండగా బయట తిరగడం నాకు చాలా మేలు చేసింది.

2019లో ఇక్కడ దాదాపు 20 వేలమంది వివరాలతో ఒక అధ్యయనం వచ్చింది. వారంలో మొత్తం 120 నిమిషాలు, ఒకేసారైనా ముక్కలు ముక్కలుగానైనా, పచ్చటి చోట గడిపినవాళ్ళు తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని చెప్పడం ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ బయటికి వెళ్తారేమో అన్న అనుమానం దీనికి ఉండనే ఉంది, అయినా రెండు గంటలు అనేది చేతనయ్యే లెక్క.

నాకు బాధేసేది ఏంటంటే, మన ఊళ్ళలో ఆ పచ్చటి చోటే దొరకదు. కేబీఆర్ పార్కు చుట్టూ ఇళ్ళున్నవాళ్ళకి కేబీఆర్ పార్కు ఉంది. కూకట్‌పల్లిలో హాస్టల్ గదిలో నలుగురు పడుకునే పిల్లాడికి ఏముంది? ఫుట్‌పాత్ మీద బండ్లు, రోడ్డు మీద హారన్లు. విశాఖలో బీచ్ రోడ్డు మీద పొద్దున్నే వాహనాలు ఆపి నడిచేవాళ్ళకి వదులుతారు, అది ప్రతి ఊళ్ళో ఒక్క రోడ్డుకైనా చేయొచ్చు. ఒక్క చెరువు గట్టునైనా మిగల్చొచ్చు. ఇది వైద్యం కిందికే వస్తుందని నేను నమ్ముతాను.

వైజాగ్_సైకాలజిస్ట్:

అక్కగారూ, చెమట చాలా యాంటీడిప్రెసెంట్లతో, అంటే డిప్రెషన్ మాత్రలతో వస్తుంది, సాధారణంగా భయపడాల్సింది కాదు, కానీ డాక్టరుకి చెప్పండి. ఆగక్కర్లేదు, వేళ మార్చుకుంటే చాలు. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటకముందే ముగించేయాలి, నీళ్ళు పట్టుకెళ్ళాలి, ఏ రోజైనా ఉక్క ఎక్కువగా ఉంటే గదిలో చేసుకోవాలి. చదివే మిగతావాళ్ళ కోసం కూడా చెప్తున్నాను, బైపోలార్ లాంటి జబ్బులకి ఇచ్చే లిథియం అనే మందు వాడేవాళ్ళు మాత్రం డాక్టరుని అడగకుండా ఎండలో ఎక్కువ నడవకండి. ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి ప్రమాదం అవుతుంది. అలాగే లేనివి వినపడటం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం ఉన్నవాళ్ళకి, జనం మధ్యకి వెళ్తే గుండె దడ వచ్చేవాళ్ళకి నేను బయట మొదలుపెట్టను. వాళ్ళకి ముందు గదే భద్రం.

నాన్నగారి విషయం: ఆయన మనసు మంచిది, కానీ సెషన్‌కి వద్దు. వెనకాల నాన్న ఉన్నాడంటే మీ తమ్ముడు మళ్ళీ "బాగానే ఉన్నాను" దగ్గరికే వస్తాడు. ఆయనకి వేరే పని చెప్పండి. సెషన్ లేని ఒక రోజు, వారానికి ఒక్కసారి, వాడితో కలిసి బయటికెళ్ళమనండి. ఎక్కడికైనా సరే, టీ తాగి రావడానికైనా. షరతు ఒక్కటే, ఆ దారిలో నోటిఫికేషన్ గురించి, వయసు గురించి, పక్కింటి అబ్బాయి ఉద్యోగం గురించి మాటెత్తకూడదు. వాడు ఎత్తితే వినాలి, సలహా చెప్పకూడదు. అడుగు వేగం వాడిది, ఆయన దానికి తగ్గట్టు నడవాలి. ఈ సంగతి కౌన్సెలర్ మేడంకి ముందే చెప్పండి, ఆవిడ వద్దంటే ఆవిడ మాటే వినండి.